అద్దు, రుద్దకు

తెల్లారగట్ల నాలుక్కి
ట్రాక్టరు మీంచి దిగింది పెళ్లి సోఫా.
మెరూన్ ముఖమల్, పసిడి రంగు ప్లాస్టిక్ సింహాలు రెండు,
ఎడమ సింహానికి ముక్కు లేదు.
నెలలో పదకొండు పెళ్లిళ్లు.
నిన్న పాతపట్నం, మొన్న కాశీనగర్,
రాష్ట్రం దాటినట్టు దానికి తెలీదు,
నాకు మాత్రం మరకల్లో తెలిసిపోతుంది.

ఒడియా వాళ్ల పెళ్లయితే మారేడు పానకం
పీచుతో సహా ఎండి ఉంటుంది.
మనవాళ్లదయితే రంగు సోడా.
టీ అందరిదీ ఒకటే,
మామగారు కూచున్న చోట, మీగడ కట్టి.
(పాల మరక మీద వేణ్ణీళ్లు పోశారా,
ఇక అది కాపురానికొచ్చినట్టే.)

ఈ పని నేర్పింది సుకాంతి నానీ.
పర్లాకిమిడిలో నానీ అంటే అక్క.
తెలుగు సగం, ఒడియా సగం,
కోపం మొత్తం ఒడియాలోనే.
మొదటిరోజు నేను బ్రష్షు పట్టి
మాడిన గిన్నె తోమినట్టు తోముతుంటే
మణికట్టు మీద ఒక్కటిచ్చింది.
"అద్దు. రుద్దకు."
తప్పు లేకుండా ఆమె పలికే తెలుగు
ఆ రెండు మాటలే.

ఇవాళ్టి మరక జానెడు.
ఊదా రంగు. పెళ్లికూతురి వైపు.
కూర్మినాయుడు నోట్లో వేపపుల్లతో వచ్చి చూశాడు,
"సారా కలిపీసినారు.
డిపాజిట్టు తిరిగిచ్చేదేటి నేదు."
రెండు వేలు, పుస్తకంలో అక్కడే రాసేశాడు.

నేను మోకాళ్ల మీద కూచుని వాసన చూశాను.
ద్రాక్షరసం. పంచదార. కొంచెం సెంటు.
సారా లేదు.
దీపం దగ్గరికి తెస్తే కనిపించింది,
ముఖమల్ నూగు ఎదురు తిరిగి ఉంది,
నాలుగు వేళ్ల వెడల్పున
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.
భయపడ్డ చెయ్యి రుద్దుతుంది.
అందరూ అటు తిరిగినప్పుడు, గాజులు చప్పుడవకుండా,
పైట చెంగుతోనే అనుకుంటా.
ఆ తర్వాత దాని మీదే కూచుని ఉంటుంది,
తడి చీర వెనక్కి అంటుకుని,
ఫోటోలన్నిట్లోనూ నవ్వుతూ.

పాత తెల్ల పంచె చింపాను.
రంగు గుడ్డ పనికిరాదు, తన రంగు కూడా ఇచ్చిపోతుంది.
చన్నీళ్లు, మూతెడు వెనిగరు, సబ్బు నురగ మాత్రమే.
నీళ్లు తాగిస్తే లోపలి స్పాంజి
వారం రోజులు ముక్కుతుంది.
ముందు వెనక మూల ఓ చుక్క పెట్టి చూడాలి,
ఎవరికీ కనపడని చోట.
అంచు నుంచి మధ్యకు.
మధ్యలో మొదలెడితే
మరక ఊరేగింపుకు బయల్దేరుతుంది.

అద్దాను.
మొదటి గుడ్డ నేరేడు పండు,
రెండోది వంకాయ పువ్వు,
ఐదోది ఉల్లిపొర.
తొమ్మిదో గుడ్డకి ఏమీ అంటలేదు.
వంటసోడా చల్లి, నీడలోకి జరిపాను.
ఎండలో పెడితే మరకతోపాటు ముఖమల్ కూడా పోతుంది.

పదింటికి పెళ్లికూతురి తమ్ముడొచ్చాడు,
పదిహేనేళ్లుంటాయి, గోరింటాకు చిటికెన వేలికే పండింది.
గేటు దగ్గరే ఆగి,
"సారా మరక అన్నారంట కదా," అన్నాడు నేలకేసి.
"ఎక్కడుందో వెతుకు," అన్నాను.
వెతికాడు. సింహాల వెనక కూడా వెతికాడు.

నాయుడు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు,
"పోనాదా?" అన్నాడు,
ఏదో పోగొట్టుకున్నట్టు.
పుస్తకంలో రాసింది బాల్‌పెన్ను,
దాన్ని కొట్టేయడానికి చాలాసేపు పట్టింది.
శుభ్రానికి మూడొందలు పట్టుకుని మిగతాది ఇచ్చాడు.
అందులో నా వాటా ఎనభై.

కుర్రాడు సైకిలెక్కుతూ వెనక్కి చూశాడు,
"అక్క చాలా రుద్దిందంట. పోలేదంట."
ఏం చెప్పను?
"ఈసారి అద్దమను," అన్నాను,
అన్నాక నాలిక కరుచుకున్నాను,
పెళ్లికి ఈసారేంటి.

సాయంత్రం గుమ్మలో పెళ్లి.
ట్రాక్టరు హారన్ కొడుతోంది.
సోడాపొడి ఇంకా పూర్తిగా దులపలేదు.